సంచి తగిలించే కొక్కెం

కొక్కేన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఊరికే అలా కదిపి చూశాడు ఈశ్వరరావు. తిప్పలేదు, పీకలేదు. తొక్కలోంచి అరటిపండు జారినట్టు అది గోడలోంచి చేతిలోకి వచ్చేసింది. కొక్కెం ఒకటే కాదు, దాని స్క్రూ, ఆ స్క్రూ దిగిన చెక్క బిరడా, అన్నీ కలిసి వచ్చేశాయి. బిరడా చుట్టూ కొబ్బరిపీచు వత్తుగా చుట్టి ఉంది. ఆ పీచు తను చుట్టింది కాదు.

గోడలో మిగిలిన కన్నంలోకి చిటికెనవేలు పెట్టి తిప్పాడు. వేలు నల్లగా, జిడ్డుగా బయటికి వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకోకుండానే తెలిసిపోయింది. జీడినూనె. ఇంకా ఆరలేదు.

కాశీబుగ్గలో ఈశ్వరరావుకి పేరుంది. అతను దిగ్గొట్టిన మేకుకి ఎద్దుని కట్టేసినా ఊడదంటారు. పాత ఇళ్ళలో మట్టితో కట్టిన ఇటుక గోడలకి ప్లాస్టిక్ ప్లగ్గు నిలవదు, స్క్రూతో పాటే గిర్రున తిరుగుతుంది. అందుకని అతను చెక్కతో బిరడాలు చెక్కుతాడు. జీడిపిక్కల ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన జీడినూనెలో ముంచుతాడు. ఎండలో పడేసి నాలుగైదు రోజులు వాటి ముఖం చూడడు. ఆరిన జీడినూనె లక్కలా బిగుసుకుంటుంది, చెద దాని జోలికి రాదు. ఆరనిది మాత్రం ఆముదం కన్నా జారుడు. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

క్రితం నెల, వరసకి కొడుకయ్యే వాసుని పలాస ఆస్పత్రి నుంచి సుమ్మాదేవి ఊళ్ళో ఈ ఇంటికి తెచ్చిన రోజు డబ్బాలో ఆరిన బిరడాలు అయిపోయాయి. ఉన్నది పొద్దున్న ముంచిందే. ఇక నుంచి డయాలసిస్ ఇంట్లోనే. కడుపులోకి గొట్టం వేశారు, మందునీళ్ళ సంచి పైన తగిలించాలి, నీళ్ళు దిగాలి, సాయంత్రానికల్లా కొక్కెం కావాలి. రెండు లీటర్ల నీళ్ళ సంచి, దానికేం బరువులే అనుకున్నాడు. నాలుగు రోజులాగి వచ్చి మార్చేద్దామనుకున్నాడు. ఈలోగా కాశీబుగ్గలో కొత్త ఫ్లాట్లలో కర్టెన్ రాడ్ల పని తగిలింది. మర్చిపోయానని చెప్పుకోవడానికి కూడా లేదు. రోజూ గుర్తొచ్చింది. రోజూ రేపు అనుకున్నాడు.

ఇప్పుడు వాసు మళ్ళీ ఆస్పత్రిలో ఉన్నాడు. కడుపులో చీము పట్టిందట. బయటికి వచ్చే నీళ్ళు బియ్యం కడిగిన కుడితిలా ఉన్నాయట.

పెరట్లోంచి వాసు తల్లి బొడ్డమ్మ గొంతు వినిపిస్తోంది. కొడుక్కి ఉతికిన బట్టలు తీసుకెళ్ళడానికి ఆస్పత్రి నుంచి వచ్చింది. బట్టలు మడుస్తోంది, నోరు దాని పని అది చేసుకుపోతోంది.

"రుద్దు, ఇంకా రుద్దు. పగలల్లా పిక్కలు కొట్టిన సేతులు రుద్దితే తెల్లబడిపోతాయేటి. ఆ సేతులతోటే నా కొడుకు కడుపులో నీళ్ళు పోసినావు. అది నీళ్ళు కాదే, ఇసం."

నూతి దగ్గర కోడలు తిరుమల ఇంకా గట్టిగా రుద్దుకుంటోంది. కిటికీలోంచి ఆమె వంగిన వీపు కనిపిస్తోంది. సబ్బు నురగ మోచేతుల దాకా ఉంది. నురగ కింద వేళ్ళు, అరచేతులు నల్లగా, గీతలు గీతలుగా పగిలి ఉన్నాయి. జీడిపిక్క కొట్టే ఆడాళ్ళందరి చేతులూ అంతే. ఏ సబ్బుకీ, ఏ బూడిదకీ ఆ నలుపు పోదు.

"డాకటరేటన్నాడు? సేతులు సుబ్రంగా నేకపోతే పురుగు లోపలికి పోతాదన్నాడా నేదా? నాను సెప్పినమాట కాదు గదా, సదువుకున్నోడు సెప్పినాడు."

ఈశ్వరరావు వేలిని పంచె లోపలి మడతలో తుడుచుకున్నాడు. రెండుసార్లు తుడుచుకున్నాడు. బిరడాని తన పనిముట్ల సంచీలో వేసేసుకున్నాడు, ఎవరూ చూడకుండా.

తిరుమల తడి చేతులు పైకెత్తి పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అతనికి ఫోను చేసి పిలిపించింది ఆమే. కొక్కెం కదుల్తోంది మావా, ఆయన ఇంటికొచ్చేలోగా బేగి రా, అని అంది. ఇప్పుడు గోడలో కన్నం వైపు చూసింది. తరవాత అతని ముఖంలోకి చూసింది.

"ఊడిపోనాదా అమ్మా ఇది?" గొంతు తగ్గించి అడిగాడు.

"నేదు మావా. కదిలితే పీసు సుట్టి ఎట్టినాను."

"ఊడకుండా పీసు ఎలగ సుట్టినావు?"

ఆమె చేతుల మీద నీళ్ళు కారుతున్నాయి. వాటినే చూస్తూ నిలబడింది. బయట బొడ్డమ్మ బకెట్టు తన్నిన చప్పుడైంది.

"గట్టిగా ఎయ్యి మావా. అదొక్కటే సాలు," అంది తిరుమల. కొంచెం దగ్గరికి వచ్చి, "అత్తతోటి ఏటీ అనకు," అంది.

ఆ మాట ఈశ్వరరావు గుండెలో దిగబడిపోయింది. వరసకి మావ. ఆమె మావగారూ తనూ ఒకే ఇంటిపేరు వాళ్ళు, ఒక కంచంలో తిన్నవాళ్ళు. ఆ వరస చూసి ఈ పిల్ల తన పరువు కాపాడుతోంది. తన పని పాడైందని తెలిసి, నింద తన నెత్తిన వేసుకుని, నోరు మూసుకుని చేతులు రుద్దుకుంటోంది. అలాగే అనుకున్నాడు. ఇంకోలా అనుకోవడానికి అతనికి తోచలేదు.

అప్పుడే పెరట్లోకి వెళ్ళి ఆ మాట చెప్పేయాల్సింది. వెళ్ళలేదు. శానం తీసి గోడకి పెట్టి సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. కన్నాన్ని లోపల వెడల్పుగా, మూతి దగ్గర ఇరుకుగా తొలిచాడు. జిడ్డు పట్టిన మట్టి, ఇటుక పొడి అంతా గోకి పారేశాడు. ఇనుప చువ్వ వంచి, వెనక కొసలు రెండూ చేప తోకలా విడదీసి, లోపలికి పెట్టి, నీళ్ళు చల్లి, సిమెంటూ ఇటుకముక్కలూ కూరాడు. తాపీతో నున్నగా లాగాడు. తడిగుడ్డ అంటించాడు. ఇంత పని ఆ రోజు చేసి ఉంటే ఎంతసేపు పట్టేది. ఇప్పుడు పట్టినంతసేపే.

బొడ్డమ్మ లోపలికి వచ్చి చూసింది.

"ఎంత సక్కగా ఎట్టినావు బావా. నీ సెయ్యి పడితే గోడ కూడా మాట ఇంటాది." కోడలి వైపు ఓరగా చూసింది. "కొందరి సేతులున్నాయి, ముట్టుకుంటే పచ్చగడ్డి మాడిపోతాది."

"రెండ్రోజులు దీనికేటీ తగిలించొద్దు," అన్నాడు ఈశ్వరరావు. పనిముట్లు సంచీలో సర్దుకుని బయల్దేరాడు.

మర్నాటికి చిటికెనవేలు కొస బొబ్బెక్కింది. కడుక్కోకుండా వదిలేస్తే జీడినూనె అలాగే చేస్తుంది. కాశీబుగ్గలో ఎవరింట్లోనో బాత్రూములో అద్దం బిగిస్తుంటే ఆ వేలు గోడకి తగిలి చుర్రుమంది. అద్దం వంకరగా పడింది. ఇంటావిడ, "ఏటి తాతా, ఈయాల సెయ్యి కుదర్నేదేటి," అని నవ్వింది. విప్పి మళ్ళీ బిగించాడు. భోజనానికి ఇంటికి పోకుండా ఆస్పత్రికి వెళ్ళాడు.

వాసు మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ముప్పై దాటిన మనిషి, చెంపలు లోపలికి పోయి బొడ్డమ్మ కన్నా పెద్దవాడిలా ఉన్నాడు. ఒకప్పుడు ఊళ్ళో ఏ కొబ్బరిచెట్టయినా కోతిలా ఎక్కేవాడు. మంచం పక్కన స్టాండుకి సంచి వేలాడుతోంది. కింద ఇంకో సంచిలోకి నీళ్ళు దిగుతున్నాయి. వాటి రంగు చూడకూడదనుకున్నాడు ఈశ్వరరావు. చూశాడు. మజ్జిగ తేటలా ఉన్నాయి.

"నిన్నటి మీద నయం పెద్నానా," అన్నాడు వాసు. "రేపో ఎల్లుండో పంపేత్తారు. మందు బేగులోనే కలిపి ఎక్కిత్తన్నారు."

"మీ అమ్మేదిరా?"

"కింద టీకెల్లినాది." వాసు తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "అమ్మ జానకిరామ్ బావకి ఫోను సేసీసినాది. వచ్చి తన సెల్లిని, తిరుమలని, మందస తీస్కెల్లిపోమంది. ఇక మీదట దాన్ని బేగు ముట్టుకోనివ్వదట. తనే నేర్చుకుంటాదట. అమ్మకి అంకె కూడా కనబడదు పెద్నానా, ఏ బేగులో ఏ మందో ఎలగ సూత్తాది?"

"నువ్వేటన్నావు?"

"నాను ఇన్నాళ్ళూ సూసినాను గదా. మాస్కు కట్టుకుంటాది, సబ్బు రాత్తాది, సేతులు ఆరిందాకా దేన్నీ ముట్టుకోదు. తలుపేసీ, ఫేను ఆపీ, అప్పుడు మూత తీత్తాది. ఆస్పత్రిలో నేర్పినోళ్ళే దాన్ని మెచ్చుకున్నారు. ఎలగొచ్చిందో రోగం నాకు తెల్దు. అది మాత్రం తప్పు సెయ్యదు. ఎవులేటన్నా నాను నమ్మను."

ఈశ్వరరావు చేతిని వెనక్కి పెట్టుకున్నాడు. బొబ్బ ఉన్న వేలిని అరచేతిలో దాచుకున్నాడు. చెప్పేద్దామని నోరు తెరిచాడు. మెట్ల మీద బొడ్డమ్మ చెప్పుల చప్పుడు వినబడింది. తెచ్చిన బత్తాయిలు మంచం మీద పెట్టి, అవి ఈ రోగానికి పెట్టకూడదని వాసు చెబితే మళ్ళీ సంచీలో వేసుకుని, వచ్చిన దారినే బయటికి వచ్చేశాడు. రోడ్డు మీద చాలాసేపు నిలబడ్డాడు. బత్తాయిలు ఎవరికో ఇచ్చేశాడు, ఎవరికో గుర్తులేదు. రాత్రి అన్నం కలుపుకుని చేత్తో అలాగే పట్టుకుని కూర్చున్నాడు. ఎవరైనా అడిగి ఉంటే చెప్పేవాడే. ఎవరూ అడగలేదు.

వాసుని మళ్ళీ ఇంటికి తెచ్చిన రోజు మధ్యాహ్నం ఈశ్వరరావు కూడా సుమ్మాదేవి వెళ్ళాడు. సిమెంటు బిగిసిందో లేదో చూడాలన్నది సాకు. వసారాలో అప్పటికే అందరూ ఉన్నారు. వాసు నులకమంచం మీద గోడకి జారబడి కూర్చున్నాడు. తిరుమల అన్న జానకిరామ్ మందస నుంచి బండి మీద వచ్చి ప్లాస్టిక్ కుర్చీ కొసన కూర్చున్నాడు. అతనికి అక్కడ చిన్న హార్డ్‌వేర్ కొట్టు. వచ్చేటప్పుడు చొక్కా మార్చుకోలేదు, జేబు మీద సున్నం మరక ఉంది. గుమ్మం పక్కన తిరుమల బట్టల సంచి కట్టి పెట్టి ఉంది. ఆమె స్తంభాన్ని ఆనుకుని నిలబడి ఉంది.

ఈశ్వరరావు ఎవరితో మాట్లాడకుండా లోపల గదిలోకి పోయాడు. బకెట్టు నిండా నీళ్ళు పట్టి కొక్కేనికి తగిలించాడు. కదల్లేదు. బకెట్టు అంచు పట్టుకుని తన బరువు కూడా మోపాడు. కదల్లేదు. బయట మాటలు ఒక్కొక్కటీ వినబడుతున్నాయి.

"మీ సెల్లి మీద నాకు పగేటి బాబూ," అంటోంది బొడ్డమ్మ. "నా కొడుకు బతకాల. అంతే. ఆ సేతులు నువ్వే సూడు."

"ఆ సేతులే కదత్తా ఈ ఇంటికి బువ్వ పెడతన్నాయి."

"బువ్వ ఎట్టిన సేతులు పాణం తీత్తే ఊరుకుంటారేటి?"

"అమ్మా, ఒగ్గీ," అన్నాడు వాసు. నీరసంగా ఉన్నా గొంతు గట్టిగానే ఉంది. "అది ఎక్కడికీ ఎల్దు. నా బేగు అదే ఎడతాది. నా కడుపు, నా ఇష్టం."

"నీ కడుపు నాను మోసిన కడుపురా."

జానకిరామ్ లేచాడు. "ఇన్ని మాటలు పడి ఇక్కడెందుకే తిరుమలా. పద."

తిరుమల కదల్లేదు. వాసు చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. అందరి ముందూ, తల్లి ముందూ, ఆ నల్ల చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఈశ్వరరావు అదంతా గుమ్మంలోంచి చూశాడు. ఇక లోపల ఉండలేకపోయాడు. చేతిలో బకెట్టు ఉందన్న సంగతి కూడా మర్చిపోయి బయటికి వచ్చాడు.

"దాని సేతులది కాదు తప్పు," అన్నాడు. "నాది."

అందరూ అతని వైపు తిరిగారు. ఏనాడూ పది మాటలు కలిపి మాట్లాడని మనిషి. బకెట్టు కింద పెట్టాడు. సంచీలోంచి బిరడా తీసి బొడ్డమ్మ ముందు గట్టు మీద పెట్టాడు.

"ఇది పచ్చిది. జీడినూనె ఆరనేదు. ఆరకుండా ఎయ్యకూడదని నాకు తెలుసు. తెలిసీ ఏసీసినాను. బరువుకి రోజూ కొంచెం కొంచెం జారింది. జారి ఊడిపోనాది. నీళ్ళ బేగుతో సహా కింద పడింది. ఈ పిల్ల పీసు సుట్టి మల్లీ ఎట్టినాది. నా పరువు పోతాదని నోరు మూసుకున్నాది. ఇదీ సంగతి. దీన్నేటీ అనకు బొడ్డమ్మా. అనాలంటే నన్నను."

చెప్పడం అయిపోయింది. గాలి ఆడినట్టయింది అతనికి. జానకిరామ్ మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

"ఇన్నావా అత్తా. ఇప్పుడేటంటావు? మా సెల్లి సేతులా, గోడలో మేకా?"

బొడ్డమ్మ బిరడాని చూస్తోంది. తిరుమల ఎవరినీ చూడలేదు. మొగుడి చేతిలో ఉన్న తన చేతినే చూస్తోంది. వాసు పట్టు సడలింది.

"బేగు కింద పడిందా?" అన్నాడు. భార్యని అడిగాడు. "ఎప్పుడు?"

తిరుమల రెండో చేత్తో స్తంభాన్ని పట్టుకుంది.

"నాను పడుకుని ఉన్నప్పుడా? సప్పుడైతే లెగిసి ఏటే అన్నాను. పిల్లి దూకిందన్నావు."

"అప్పుడే నీకు కన్ను మూతపడింది," అంది తిరుమల. "మూడు రాత్రుల్నుంచి నిద్ర నేదు నీకు."

"గొట్టం ఊడిందా?"

ఆమె తల ఎత్తలేదు.

"బేగు పడినప్పుడు గొట్టం ఊడిందా అంటన్నాను తిరుమలా."

"ఊడింది. మల్లీ పెట్టేసినాను."

కోడి ఒకటి బకెట్టులో నీళ్ళు తాగడానికి వచ్చింది. దాన్ని ఎవరూ తోలలేదు.

"ఊడితే మూసీసి, ఉన్నపాటున పరిగెత్తుకు రమ్మన్నారు," అన్నాడు వాసు. ఒక్కో మాటా వేరు వేరుగా అన్నాడు. "నీ సేత పదిసార్లు సెప్పించినారు. నాను పక్కనే ఉన్నాను. మల్లీ పెట్టకండి, పెడితే పురుగు లోపలికి పోతాదన్నారు. ఆ రోజే ఎల్లుంటే సూది మందుతో పోయేది."

"సెప్తే అత్త..." అంది. అక్కడికి ఆగిపోయింది. "భయమేసింది," అంది.

వాసు ఆమె చెయ్యి వదిలేశాడు. విసిరేయలేదు. నులక మీద పెట్టినట్టు మెల్లగా వదిలాడు. తరవాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఈశ్వరరావుకి అప్పుడు తెలిసింది తనేం చేశాడో. ఆ పిల్ల కాపాడుకున్నది తన పరువు కాదు. ఇన్నాళ్ళూ ఆమె మీద ఉన్నది రుజువు లేని నింద. ఊరంతా అన్నా వాసు ఒక్కడు నమ్మలేదు. ఆ ఒక్కడి ముందు రుజువు తెచ్చి పెట్టింది తను. అడగని చోట, వద్దన్న చోట.

"కొక్కెం నాది గదరా వాసూ," అన్నాడు. "అది ఊడకపోతే గొట్టం ఊడదు గదా."

"నీదేటుంది పెద్నానా," అన్నాడు వాసు, గోడ వైపు నుంచే. "ఇనప ముక్క. ఊడతాది."

"అవును బావా," అంది బొడ్డమ్మ. ఆమె గొంతులో అరుపు లేదు. అన్ని రోజుల తిట్లకన్నా ఆ నెమ్మదే భయంగా ఉంది. "ఎవులి పనిలోనైనా ఒకటి ఊడతాది. నువ్వు నిజం సెప్పినావు. పెద్దమనిసివి. దాసినోళ్ళది తప్పు." లోపలికి వెళ్ళి టీ పెట్టి తనే తెచ్చి ఇచ్చింది. గ్లాసు అంచు కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది.

ఈశ్వరరావు గ్లాసు అందుకున్నాడు. అందరూ చూస్తుండగా తాగాడు. ఆ టీ గొంతు దిగినంతసేపు తల ఎత్తలేదు. తిరుమల అతని ముందు నుంచి వెళ్ళి బట్టల సంచి తీసుకుంది. వెళ్తూ, కోపం లేని గొంతుతో, "అనకన్నాను గదా మావా," అంది.

జానకిరామ్ బండి తీశాడు. తిరుమల సంచి ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. బండి వీధి మలుపు దాకా వెళ్ళి ఆగింది. అక్కడ అన్నాచెల్లెళ్ళు ఏదో మాట్లాడుకున్నారు. జానకిరామ్ చెయ్యి విసిరాడు, తల కొట్టుకున్నాడు. ఆఖరికి బండి మందస వైపు ఒంటరిగా పోయింది. తిరుమల నడిచి వెనక్కి వచ్చింది. సంచి వసారాలో, ముందున్న చోటే పెట్టింది.

"సాయంత్రం బేగు టైమైంది," అంది, ఎవరితోనూ కాకుండా.

బొడ్డమ్మ అడ్డం రాలేదు. దారి కూడా ఇవ్వలేదు. కోడలే పక్కనుంచి తప్పుకుని నూతి దగ్గరికి వెళ్ళింది. చేతులు రుద్దుకోవడం మొదలుపెట్టింది. వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, మణికట్టు దాకా. బొడ్డమ్మ గట్టు మీద నిలబడి అంతసేపూ ఆ చేతులనే చూసింది. అలా ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు ఇక, బేగు పెట్టినప్పుడల్లా.

వాసు లోపలికి వచ్చి మంచం మీద పడుకున్నాడు. చొక్కా పైకి తీసి, ముఖం గోడకి తిప్పుకున్నాడు. తిరుమల మాస్కు కట్టుకుంది. ఫ్యాను ఆపింది. సంచిని కొక్కేనికి తగిలించింది. పాత నీళ్ళు కిందికి దిగాక కొత్తవి వదిలింది. ఎప్పుడూ, "సల్లగా ఉందా?" అని అడిగేదట. ఇవాళ అడగలేదు. అతనూ చెప్పలేదు.

ఈశ్వరరావు వెళ్ళిపోవాల్సినవాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. సంచిలో నీళ్ళు కొంచెం కొంచెంగా తగ్గుతున్నాయి. కొక్కెం సిమెంటులో రాయిలా బిగుసుకుని ఉంది, గడ్డపారతో పొడిచినా రాదు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసి కూడా నాలుగు అడుగులు వేసి, గోడ దగ్గరికి వెళ్ళి, వేలాడుతున్న సంచి కింద అరచెయ్యి చాచి పట్టుకున్నాడు. పడితే పట్టుకోవడానికి.

తిరుమల గొట్టం మీంచి కళ్ళు తిప్పలేదు.

"సెయ్యి తియ్యి మావా," అంది మాస్కు వెనక నుంచి. "నువ్వు కడుక్కోనేదు."